చేపలు పోయాక కట్టిన చేపల మ్యూజియం

సముద్రతీరాన ఒక మంచి మ్యూజియం ఉండాలని, దాన్ని చూడడానికి నాలుగు ఊళ్ళ జనం వస్తారని, పదిమందికి పని దొరుకుతుందని మన విశాఖ జిల్లాలో అడపాదడపా మాట వస్తూనే ఉంటుంది. ఆ మాటను కాదనేవారెవరూ లేరు. అయితే ఎలాంటి మ్యూజియం, ఎవరి కోసం, అన్నిటికన్నా ముఖ్యంగా ఎప్పుడు అన్న ప్రశ్నలు మాత్రం ఎవరూ వేయరు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మాంటెరే అనే ఊరు ఉంది. అక్కడి సముద్ర విజ్ఞాన మ్యూజియం లోకప్రసిద్ధం. ఏటా లక్షలాది మంది వచ్చి చూసిపోతారు. అది నిలబడిన స్థలం ఒకప్పటి చేపల ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీ ఎందుకు మూతబడిందో తెలిస్తే మ్యూజియం గురించి మనం వేయవలసిన ప్రశ్నలేమిటో తెలుస్తుంది.

మాంటెరే పసిఫిక్ సముద్రపు ఒడ్డున ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి దక్షిణంగా రెండువందల కిలోమీటర్ల లోపే. అక్కడి అఖాతంలో సార్డిన్ అనే చేప విస్తారంగా దొరికేది. సార్డిన్ అంటే మనకు కొత్తదేమీ కాదు, మన కవళ్ళకు దగ్గరి చుట్టమే. గుంపులు గుంపులుగా తిరుగుతుంది, ఒంట్లో నూనె ఎక్కువ, పట్టిన వెంటనే చూసుకోకపోతే చెడిపోతుంది. అందుకని అక్కడ ఒడ్డునే దాన్ని డబ్బాల్లో పెట్టి మూతలు బిగించే ఫ్యాక్టరీలు వెలిశాయి. నార్వే దేశం నుంచి వలస వచ్చిన క్నూట్ హోవ్డెన్ అనే ఆయన అక్కడ సొంత ఫ్యాక్టరీ తెరిచింది 1916లో. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో డబ్బా చేపకు గిరాకీ పెరిగింది. చూస్తూండగానే రోడ్డు పొడవునా ఒకదాని పక్కన ఒకటి ఫ్యాక్టరీలు లేచాయి. ఇటలీలోని సిసిలీ ద్వీపం నుంచి వచ్చిన జాలర్లు పడవలు నడిపేవారు. చేపను చుట్టుముట్టి పట్టే వలలను అక్కడికి తెచ్చింది వాళ్ళే. తరువాత అంతకన్నా పెద్ద వలలు, గుంపును చుట్టి అడుగున తాడు బిగించేవి, వచ్చాయి.

వెన్నెల లేని రాత్రుళ్ళే వాళ్ళకు వేట. చీకట్లో చేపల గుంపు కదిలితే నీరు తళుక్కుమంటుంది కదా, ఆ మెరుపు చూసి వల వేసేవారు. ఈ సంగతి మన జాలరిపేటలో ఏ పెద్దమనిషిని అడిగినా చెబుతాడు. తెల్లవారేసరికి పడవలు ఒడ్డుకు దగ్గరగా వచ్చి, నీటిమీద తేలే పెద్ద పెట్టెల్లో చేపను పోసేవి. అక్కడి నుంచి సముద్రం అడుగున వేసిన గొట్టాల ద్వారా చేపను ఫ్యాక్టరీలోకి లాగేవారు. చేప రాగానే ఫ్యాక్టరీ కూత వేసేది. ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో రకం కూత. ఏ అర్ధరాత్రి అయినా, తమ కూత వినబడగానే ఆడవాళ్ళు లేచి పరుగున పనికి పోవలసిందే. చేప కోయడం, డబ్బాల్లో పేర్చడం వాళ్ళ పని. చేప ఉన్నంతసేపే పని, పని ఉన్నంతసేపే కూలి. ఇటలీ, పోర్చుగల్, జపాన్, ఫిలిప్పీన్స్, మెక్సికో, ఇలా దేశదేశాలవాళ్ళు ఆ షెడ్లలో పక్కపక్కన నిలబడి పనిచేశారు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. డబ్బాలో పెట్టి మనిషికి అమ్మితే వచ్చే లాభం కన్నా, చేపను ఉడికించి, నూనె పిండి, మిగిలిన పిప్పిని ఎండబెట్టి పొడి చేసి కోళ్ళమేతగానో ఎరువుగానో అమ్మితే వచ్చే లాభం ఎక్కువని తేలింది. దాంతో డబ్బా అన్నది పేరుకు మిగిలి, పొడి మర అసలు వ్యాపారం అయిపోయింది. తినే చేపను ఇలా ఎరువు చేయడం మీద ప్రభుత్వం హద్దులు పెట్టబోతే, కొందరు వ్యాపారులు 1930లలో ఏకంగా ఓడల్లోనే మరలు పెట్టుకుని, తీరం నుంచి మూడు మైళ్ళ అవతల, రాష్ట్ర చట్టం చెల్లని చోట లంగరు వేశారు. చట్టం చేసేవాడు ఒడ్డున, చేపను మింగేవాడు నీళ్ళలో.

ఆ రాష్ట్రపు మత్స్యశాఖ శాస్త్రవేత్తలు ఊరుకోలేదు. పట్టు మితిమీరుతోందని, ఏడాదికి ఇంత అని హద్దు పెట్టకపోతే ముప్పు తప్పదని 1930లలోనే లెక్కలతో సహా చెప్పారు. ఫ్యాక్టరీలవాళ్ళు ఆ మాట పడనివ్వలేదు. సముద్రం ఇంత పెద్దది, మన వల ఎంత అన్నది వాళ్ళ వాదన. 1941-42 వేట కాలంలో ఒక్క మాంటెరేలోనే రెండు లక్షల టన్నులకు పైగా చేప దిగింది. ప్రపంచ సార్డిన్ రాజధాని అని ఆ ఊరు గర్వంగా చెప్పుకునేది. యుద్ధం ముగిసిన రెండు మూడేళ్ళకల్లా పడవలు ఖాళీగా తిరిగి రావడం మొదలైంది. 1950లు గడిచేసరికి షెడ్లు ఒక్కొక్కటే తలుపులు వేసుకున్నాయి. కొన్ని తగలబడ్డాయి. 1967లో ఆ రాష్ట్రం సార్డిన్ వేటనే ఆపేసింది. అప్పటికి ఆపడానికి పెద్దగా ఏమీ మిగలలేదు కూడా.

చేపలు వల వల్ల పోయాయా, సముద్రం మారడం వల్ల పోయాయా అన్న తగవు అక్కడ చాలాకాలం నడిచింది. ఈ తగవు మనకూ అవసరమే కనుక కొంచెం నిలిచి చూడాలి. దక్షిణ కాలిఫోర్నియా తీరంలో సముద్రం అడుగు బురదను గొట్టాలతో తవ్వి తీసి, పొరపొరలో ఉన్న సార్డిన్ పొలుసులను లెక్కపెట్టారు. 1969లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. పదిహేడు వందల ఏళ్ళకు పైగా చరిత్ర ఆ బురదలో ఉంది. పెద్ద వలలు లేని కాలంలో కూడా ఈ చేప కొన్ని దశాబ్దాలు విరివిగా పెరిగి, కొన్ని దశాబ్దాలు దాదాపు కనుమరుగై, మళ్ళీ వచ్చిందని తేలింది. సముద్రపు వేడి చల్లదనాలను బట్టి అది పెరుగుతుంది, తరుగుతుంది. చూశారా, తప్పు మాది కాదు అని ఫ్యాక్టరీల తరఫువాళ్ళు అనవచ్చు. నా ఉద్దేశంలో ఆ లెక్క వాళ్ళకు అనుకూలం కాదు, ప్రతికూలం. పంట సరిగా పండని ఏడు విత్తనపు గింజలు కూడా తినేసే రైతును ఏమంటాం? సముద్రం చేపకు అనుకూలంగా లేని కాలంలో, ఉన్న తల్లిచేపలను కూడా ఊడ్చి పొడి చేస్తే, మంచికాలం వచ్చేసరికి గుడ్డు పెట్టడానికి మిగిలేదేముంది? 1990లలో అక్కడ సార్డిన్ మళ్ళీ వచ్చింది. మళ్ళీ తగ్గింది. ఈసారి మాత్రం లెక్క చూసుకుని 2015లో పెద్దఎత్తు వేటను ఆపేశారు. మొదటిసారి వినని మాట రెండోసారి విన్నారన్నమాట.

ఆ ఫ్యాక్టరీల నడుమనే ఒక చిన్న చెక్క ఇంట్లో ఎడ్ రికెట్స్ అనే మనిషి ఉండేవాడు. కాలేజీ చదివాడు గాని పట్టా పుచ్చుకోలేదు. ఒడ్డున రాళ్ళ మధ్య దొరికే ప్రాణులను సేకరించి, భద్రపరిచి, బడులకూ కాలేజీలకూ అమ్మి బతికేవాడు. 1936లో పక్క ఫ్యాక్టరీలో పుట్టిన మంటలకు ఆయన ఇల్లు, పుస్తకాలు, కాగితాలు కాలిపోయాయి. అయినా 1939లో ఆ తీరపు ప్రాణుల మీద ఒక పుస్తకం వెలువరించాడు. పండితులు చేసినట్టు వంశాల వారీగా కాక, ఏ ప్రాణి ఏ రాతి కింద, ఏ ఇసుకలో, ఎంత అల తాకిడి ఉన్న చోట బతుకుతుందో ఆ వరసలో రాశాడు. జాలరి కూడా సముద్రాన్ని అలాగే చూస్తాడు. ఆ పద్ధతే తరువాత మ్యూజియానికి దారి చూపింది. సార్డిన్ తగ్గిపోవడం గురించి ఆయన స్థానిక పత్రికలో కూడా రాశాడు. 1948లో రైలు ఢీకొని చనిపోయాడు. జాన్ స్టైన్‌బెక్ 1945లో రాసిన నవల వల్ల ఆ వీధికీ రికెట్స్‌కూ పేరు వచ్చింది. 1958లో ఊరివాళ్ళు వీధి పేరునే ఆ నవల పేరుగా మార్చుకున్నారు. చేప ఉన్నప్పుడు వీధికి వేరే పేరు. చేప పోయాక డబ్బా ఫ్యాక్టరీల వీధి అయింది.

హోవ్డెన్ ఫ్యాక్టరీ అందరికన్నా ఎక్కువ కాలం నిలిచింది. సార్డిన్ పోయాక కూడా మరో సరుకు డబ్బాల్లో పెడుతూ 1970ల మొదటివరకు ఈడ్చింది. దాన్ని పక్కనే ఉన్న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు సముద్ర పరిశోధన కేంద్రం కోసం 1967లో ఆ విశ్వవిద్యాలయమే కొని ఉంచింది. 1970ల చివర కొందరు సముద్రజీవ శాస్త్రవేత్తలకు ఇక్కడ ఒక మ్యూజియం పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. కంప్యూటర్ల వ్యాపారంలో పేరుపడిన డేవిడ్ ప్యాకార్డ్, ఆయన భార్య లూసీల్ ఐదున్నర కోట్ల డాలర్లు ఇచ్చారు. 1984 అక్టోబరు 20న తలుపులు తెరిచారు.

పాత ఫ్యాక్టరీని మ్యూజియంగా మార్చారు అని అందరూ అంటారు గాని, నిజానికి ఉప్పుగాలికి తుప్పుపట్టి శిథిలమైన షెడ్డులో చాలాభాగం పడగొట్టక తప్పలేదు. కొంత భాగం నిలబెట్టి, మిగతాది పాత షెడ్డు రూపంలోనే కొత్తగా కట్టారు. ఫ్యాక్టరీ బాయిలర్లను మాత్రం తీసిపారేయకుండా అక్కడే ఉంచి, లోపలికి వచ్చేవారికి మొదట అవే కనబడేట్టు చేశారు. ఇది నాకు నచ్చిన సంగతి. చేపలు చూడ్డానికి వచ్చినవాడు, చేపలను ఉడకబెట్టిన బాయిలరు పక్కనుంచి నడిచి పోవాలి.

లోపల 28 అడుగుల లోతున్న గాజు తొట్టి ఉంది. అందులో పన్నెండు లక్షల లీటర్లకు పైగా సముద్రపు నీరు. ఆ నీటిలో కెల్ప్ అనే సముద్రపు నాచు, తాటిచెట్టులా నిటారుగా, రోజుకు బెత్తెడు చొప్పున పెరుగుతుంది. దానికి నీటి కదలిక లేకపోతే బతకదు కనుక, మర పెట్టి అలలు పుట్టిస్తారు. నీరంతా ఎదురుగా ఉన్న అఖాతంలోంచి తోడేదే. పగలు జనం చూడడానికి వీలుగా వడగట్టి పంపుతారు. రాత్రి తలుపులు మూశాక వడకట్టకుండా అలాగే వదులుతారు. ఆ నీటితోపాటు కంటికి ఆనని గుడ్లు, పిల్లలు వచ్చి తొట్టిగోడలకు అంటుకుని వాటంతట అవే పెరుగుతాయి. అంటే మ్యూజియం కూడా సముద్రంలో ఒక ముక్కే. సముద్రం చెడితే మ్యూజియమూ చెడుతుంది.

ఇంత మెచ్చుకున్నాక అసలు మాట చెప్పాలి. ఆ మ్యూజియం ఆలస్యంగా వచ్చింది. పడవలు ఖాళీగా రావడం మొదలైన నాటికీ, మ్యూజియం తెరిచిన నాటికీ మధ్య ముప్ఫై ఐదేళ్ళకు పైగా గడిచాయి. అర్ధరాత్రి కూత విని పరుగెత్తిన ఆడవాళ్ళకు ఆ మ్యూజియం పని ఇవ్వలేదు, ఇవ్వడానికి వాళ్ళకు వయసు మిగలలేదు. ఇవాళ అక్కడ పెద్దవాళ్ళ టికెట్టు మన డబ్బులో వేల రూపాయల్లోనే ఉంటుంది. బడిపిల్లల బృందాలకు ఉచితమే, అది మంచి పని. కాని 1930లలో శాస్త్రవేత్తలు చెప్పిన లెక్కలు బొమ్మలుగా, బోర్డులుగా ఫ్యాక్టరీ గేటు పక్కనే ఉండి, పడవవాడూ కూలీ మనిషీ చదివి ఉంటే ఏమయ్యేదో. లెక్కలు ఆఫీసుల్లో ఉన్నాయి, చేప వలలో ఉంది. రెండూ కలిసిన చోటు లేదు.

ఇంకొక సంగతి చెప్పకపోతే కథ సగమే. ఈ ఫ్యాక్టరీలన్నిటికన్నా ముందు, 1850ల నుంచి, ఆ మ్యూజియం పక్కనున్న కొమ్ము మీద చైనా జాలర్ల పల్లె ఉండేది. రాత్రివేళ దీపాలు పెట్టి స్క్విడ్ పట్టి, నేలమీద ఎండబెట్టేవారు. వాసన అని పొరుగువాళ్ళు తగవు పడేవారు. 1906లో ఆ పల్లె కాలిపోయింది. మళ్ళీ కట్టుకోనివ్వలేదు. 1917లో ఆ నేలమీదికి సముద్ర పరిశోధన కేంద్రం వచ్చింది. తీరంలో ఏ విజ్ఞాన భవనం కడుతున్నామన్నా, ఆ నేల మీద నిన్నటిదాకా ఎవరు చేప ఎండబెట్టారో ముందుగా అడగాలి. మన తీరంలో ఈ ప్రశ్న ఇంకా అవసరం.

ఇక మన సంగతికి వద్దాం. కవళ్ళకు అలాంటి గతి మన దేశంలో పట్టదని ఎవరైనా అనుకుంటే కేరళ వైపు చూడాలి. అక్కడ 2012లో నాలుగు లక్షల టన్నులకు దగ్గరగా దిగిన నూనె కవళ్ళు 2021లో 3,300 టన్నులకు పడిపోయాయి. ఇవి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ లెక్కలు. మన దగ్గర 2022 జనవరిలో రింగు వలలను తీరానికి ఎంత దూరంలో వేయాలన్న తగవు జాలర్ల పల్లెల మధ్య ఘర్షణగా మారి పడవలు తగలబడ్డాయి. రింగు వలలోకి వచ్చేది ఎక్కువగా కవళ్ళు, కానాగంతలే. మాంటెరే వల కూడా దాదాపు అలాంటిదే. ఏ పల్లెది న్యాయమో నేను తీర్పు చెప్పబోవడం లేదు. కాని రెండు పక్షాలవారూ కూర్చుని, ఈ తీరంలో కవళ్ళు ఎన్ని ఉన్నాయి, ఎంత పడితే మిగులుతాయి, ఏ నెలలో గుడ్డు పెడతాయి అని తెలుగులో చూసుకోగల చోటు ఒక్కటి ఉందా? ఆ పరిశోధన సంస్థకు విశాఖపట్నంలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. రేవుల్లో తిరిగి చేపల లెక్క రాసుకునే మనుషులు ఉన్నారు. లెక్క మన రేవులోనే పుడుతుంది, నివేదికగా అచ్చయ్యేది మాత్రం ఇంగ్లీషులో. చేప పొడి సంగతీ అంతే. మన రాష్ట్రమంతా రొయ్యల చెరువులే. రొయ్యమేతలో చేప పొడి ఉంటుంది. ఆ పొడికి ఏ చేప ఎంత పోతోందో చెరువు రైతుకూ తెలియదు, పడవ మనిషికీ తెలియదు.

విశాఖ బీచిలో నౌకాదళపు జలాంతర్గామి కురుసురను 2002లో మ్యూజియం చేశారు. జనం బాగా చూస్తున్నారు. యుద్ధపు సముద్రానికి మ్యూజియం ఉన్నప్పుడు వేట సముద్రానికి ఉంటే తప్పేముంది? భవనం లేదనడం కూడా కుదరదు. మాంటెరే అనుభవం చెప్పేదేమిటంటే, పాలరాతి భవనం అక్కరలేదు, పాత షెడ్డు చాలు. గోగునార పేరుతో ప్రపంచానికి పరిచయమైన మన భీమిలి పక్కనే చిట్టివలస జూట్ మిల్లు 2009లో లాకౌటు అయింది. మిల్లు మూతపడితే ఊరు ఎలా ఉంటుందో అక్కడివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ షెడ్డే కావాలని నేను అనడం లేదు. ముందు దాని కార్మికుల లెక్కలు తేలడం న్యాయం. రేవు దగ్గర వాడకంలో లేని మంచు మిల్లో, గోడౌనో దొరక్కపోదు.

లోపల ఏం పెట్టాలన్నదానికి మనకు గొప్ప ఆధారం ఒకటి ఉంది, అది ఇక్కడ చాలామందికి తెలియదు. కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు, రక్తపింజర పాముకు ఇంగ్లీషులో ఎవరి పేరు పెట్టారో ఆయనే, విశాఖపట్నంలో దొరికిన రెండువందల చేపలకు బొమ్మలు వేయించి 1803లో పుస్తకం అచ్చువేశాడు. మన జాలర్లు చెప్పిన తెలుగు పేర్లు అందులో ఎక్కాయి. వాటిలో కానగుర్త అన్న పేరు తరువాత శాస్త్రజ్ఞులు స్వీకరించారు. ఇవాళ ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రవేత్త అయినా ఆ చేపను రాస్ట్రెలిగర్ కానగుర్త అనే పిలవాలి. విశాఖ ఒడ్డున ఎవరో పేరు తెలియని జాలరి పలికిన మాట అది. ఆయనకు ఈ జిల్లాలో ఒక బోర్డు కూడా లేదు.

ఆ రెండువందల చేపల్లో నేడు ఎన్ని మన వలకు వస్తున్నాయి, ఎన్ని రావడం మానేశాయి, ఏవి మా తాతల కాలంలో ఉండేవి అని మాత్రమే చెప్పుకుంటున్నారు? ఇది పేటల్లో డెబ్బై ఏళ్ళు దాటినవారికి తెలుసు, చాలావరకు వాళ్ళకు మాత్రమే తెలుసు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి, పెద్దలు వలలు బాగుచేసుకుంటూ నీడన కూర్చుంటారు. బడులకూ ఆ రోజుల్లో చాలావరకు సెలవులే. రసెల్ బొమ్మలను పెద్దవి చేయించి పట్టుకుని, ప్రాంతీయ కేంద్రం నుంచి ఒక శాస్త్రజ్ఞుడు, ఊళ్ళోంచి ఒక మాస్టారు, పుస్తకం పెన్సిలు పట్టిన పదిమంది పిల్లలు జాలరిపేట నుంచి మంగమారిపేట మీదుగా భీమిలి వరకు పేట పేటకూ వెళ్ళి అడిగి రాసుకుంటే, షెడ్డు దొరికే లోపు గోడలకు తగిలించవలసింది సిద్ధంగా ఉంటుంది. దీనికి శంకుస్థాపన అక్కరలేదు, మంత్రిగారి తేదీ అక్కరలేదు. వచ్చే వేట నిషేధానికే మొదలుపెట్టవచ్చు.